గోడౌను వీధిలో అడుగుకు నూటయాభై

ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషికి ఇంట్లో మెల్లగా మాట్లాడడం ఎక్కణ్నుంచి వస్తుంది? కండక్టరమ్మ ఉద్యోగం మాని రెండేళ్లయింది గానీ ఆమె గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. వంటింట్లోంచి "నీళ్లు కాగాయి" అని కేకేస్తే నాలుగిళ్ల అవతలివాళ్లు కూడా తువ్వాలు వెతుక్కునేవారు.

"వదినా, ఇది రెండు గదుల ఇల్లు. బస్సు కాదు," అనేది ఆడపడుచు, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. కండక్టరమ్మ భర్త పోయి పదేళ్లు దాటింది. ఆయన చెల్లెలు పెళ్లి మాట ఎత్తనివ్వకుండా, బట్టలు కుట్టుకుంటూ అన్నావదినల దగ్గరే ఉండిపోయిన మనిషి. అన్న పోయాక వదినా ఆడపడుచులు ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఒకరు రాకుండా ఒకరు ముద్ద నోట పెట్టకుండా కాలం వెళ్లదీస్తున్నారు. వీధిలో ఒకరు కండక్టరమ్మ, ఒకరు టైలరమ్మ. అసలు పేర్లు అడిగితే పోస్టుమాన్ కూడా కాసేపు ఆలోచించాలి.

వాళ్లుండేది గోడౌను వీధి. ఒక కొసన బస్సు డిపో, రెండో కొసన ఆసుపత్రి. మధ్యలో ఇళ్లు, ఒక కిరాణా కొట్టు, ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. సరిగ్గా నడిమధ్యన ఒకవైపు ఫర్నిచరు గోడౌను తాలూకు పొడుగాటి గోడ, దానికెదురుగా మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడ. ఆ రెండు గోడల మధ్య ముక్క ఎవరిదీ కాదన్నట్టు పడుండేది. కాలవ మీది రాతిపలకలు కొన్ని పగిలాయి, కొన్ని కుంగాయి, కొన్నయితే అసలు లేనే లేవు. గోడవారన చెత్త. వీధిదీపం ఉంది, వెలగదు.

ఒక సాయంత్రం టైలరమ్మ కుట్టిన బట్టలు ఇచ్చి వస్తూ అక్కడే పడింది. పగిలిన పలక మీద కాలు పెట్టగానే అది ఉయ్యాలలా లేచింది. బట్టల సంచీ ఒకవైపు, మనిషి ఒకవైపు. కుడి చెయ్యి మణికట్టు విరిగింది.

ఆసుపత్రి దగ్గరే కాబట్టి కట్టు తొందరగానే కట్టారు. ఇంటికొచ్చాక టైలరమ్మ నొప్పికి ఏడవలేదు. కత్తిరించి పెట్టిన బట్టల కుప్పకేసి చూసి, "ఆ రాయికి ఎడమ చెయ్యి పనికిరాలేదా?" అని మాత్రం అంది.

ఆ రాత్రి కండక్టరమ్మ ఆడపడుచుకు అన్నం కలిపి పెట్టింది, మర్నాడు పొద్దున తల దువ్వింది. దువ్వుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆ పలక పగిలిన సంగతి తనకు రెండేళ్లుగా తెలుసు. అటు వెళ్లిన ప్రతిసారీ వెనకవాళ్లకు "చూసుకుని, చూసుకుని" అని చెప్పేది. గుర్తుకోసం ఒక ఇటుక కూడా పెట్టింది. ఆ ఇటుకను ఎవరో పట్టుకుపోయారు. ఇన్నాళ్లూ ఊరందరికీ జాగ్రత్తలు చెప్పానే గానీ ఆ రాయి మార్పించాలని బుర్రకు తట్టలేదే అనుకుంది. ఇలాంటి అనుకోవడం ఆమెకు అలవాటు లేదు. లోపల ముల్లులా గుచ్చుకుంది.

జడ వెయ్యడం పూర్తికాగానే చెప్పులు తొడుక్కుని మునిసిపల్ ఆఫీసుకు బయల్దేరింది.

అక్కడి ఇంజనీరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఫైలు తీసి చూపించాడు. "మీ వీధి లిస్టులో ఉందండీ. కానీ వచ్చే ఏడాదికి. పైనుంచి డబ్బు రావాలి."

"వచ్చే ఏడాదిలోగా ఇంకెంతమంది చేతులు విరగాలో లిస్టులో రాశారా?"

అతను నవ్వలేక నవ్వాడు. కాసేపు పెన్ను తిప్పుకుంటూ కూచుని, ఒక దారి చెప్పాడు. వీధివాళ్లంతా కలిసి ఒక ఆదివారం తామే బాగుచేసుకుంటామంటే, ఆ రోజు రాకపోకలు ఆపడానికి అనుమతిస్తాడు. ఆఫీసు ట్రాక్టరు పంపిస్తాడు. దీపం కూడా ఆఫీసే వెలిగిస్తుంది. రాళ్లు, సిమెంటు, సున్నం, మొక్కలు మాత్రం వాళ్లే కొనుక్కోవాలి. ఐదు వారాలు గడువు.

"కాగితం మీద రాసివ్వండి," అంది కండక్టరమ్మ.

ఆ వీధిలోనే ఒక మేస్త్రి ఉన్నాడు. నాలుగు మాటలకు ఒక మాట జవాబు చెప్పే రకం. టేపు పట్టుకుని వీధంతా కొలిచి, బీడీ ఆర్పి, లెక్క చెప్పాడు. "మూడొందల ఇరవై అడుగులు. కూలి వద్దు, నా చేతులు నావే. సామానుకి నలభై ఎనిమిది వేలు. తక్కువలో తక్కువ."

మీటింగు పెట్టారు. మీటింగంటే కొట్టు ముందు పదిహేను కుర్చీలు. అందరూ వచ్చారు, అందరూ మాట్లాడారు. ఇలాంటిది ఎప్పుడో చెయ్యాల్సిందన్నారు. మన వీధి మనమే బాగుచేసుకోకపోతే ఎవరు చేస్తారన్నారు. కొట్టు బాబాయి ఒక డబ్బాకు పైన కన్నం పెట్టి, "ఎవరికి తోచినంత వాళ్లు ఇందులో వెయ్యండి" అని గల్లాపెట్టె పక్కన పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు.

వారం తర్వాత డబ్బా విప్పితే ఆరొందల నలభై ఉంది. దాంతోపాటు ఒక చిరిగిన నోటు, ఒక చొక్కా బొత్తాం.

"బొత్తాం నాకిప్పించు, పనికొస్తుంది," అంది టైలరమ్మ.

కొట్టు బాబాయి నిట్టూర్చాడు. "ఏం చేస్తాం కండక్టరమ్మా. జనానికి మనసు లేదు."

"జనానికి మనసుంది బాబాయ్. మనకే బుద్ధి లేదు," అంది ఆమె. "ముప్పై ఒక్క ఏళ్లలో నేనెప్పుడైనా బస్సు తలుపు దగ్గర డబ్బా పెట్టి, తోచినంత వేసి ఎక్కండి అని కూచున్నానా? సీటు సీటుకీ వెళ్లాలి. మొహం చూసి అడగాలి. చేతిలో టికెట్టు పెట్టాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు, ఈ కన్నం డబ్బా ఏం పెడుతుంది?"

"టికెట్టా? దేనికి టికెట్టు?"

"అడుగుకి. మూడొందల ఇరవై అడుగులు, నలభై ఎనిమిది వేలు. అడుగు నూటయాభై. ఎవరి అడుగు వాళ్లు కొనుక్కుంటారు."

కొట్టు బాబాయి, "వీధి అడుగుల లెక్కన అమ్ముతావా? వీధేమన్నా నీదా?" అన్నాడు.

"మరి బస్సు నాదా? ఇన్నేళ్లూ అమ్మలేదూ?"

పక్కనే ఉన్న మేస్త్రి ఆ వారంలో మొదటిసారి నోరు విప్పాడు. "అడుగడుక్కీ అడుగుతారన్నమాట." తన మాటకు తనే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ప్రెస్సాయన దగ్గర కత్తిరించగా మిగిలిన పసుపు కాగితం ముక్కలున్నాయి. కాగితం ఊరికే, సిరా ఊరికే. "గోడౌను వీధి, ఒక అడుగు" అని అచ్చేసి, ఒకటి నుంచి మూడొందల ఇరవై దాకా నంబర్లు కొట్టించాడు. కండక్టరమ్మ అటక మీంచి తోలుసంచీ దింపి, దుమ్ము దులిపి భుజాన తగిలించుకుంది. సంచీ బరువు భుజానికి తగలగానే నడుం దానంతటదే నిటారుగా నిలబడింది. అద్దంలో చూసుకుంటున్న వదినను చూసి టైలరమ్మ, "ఇక ఆగేట్టు లేవు," అంది.

ఆగలేదు. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మేడమీది వాటా, పెరటి వాటా, ఒక్కటీ వదల్లేదు. ఒకాయన ఇంట్లో లేనని లోపల్నుంచే అరిచాడు. "లేనివారి తరఫున ఉన్నవారు తీసుకోవచ్చండీ," అని ఈమె గుమ్మంలోనే నిలబడింది. ఆయన నవ్వాపుకోలేక బయటికొచ్చి రెండడుగులు తీసుకున్నాడు. ఇంకొకావిడ జీతాలు రాలేదంది. "జీతం వచ్చాకే ఇవ్వండి, మీ నంబరు పక్కన పెడతాను. నూట పద్దెనిమిది. మంచి నంబరు," అంది కండక్టరమ్మ. మంచి నంబరెందుకయిందో ఇద్దరికీ తెలియదు గానీ ఆవిడ మూడో తారీఖున తనే వచ్చి డబ్బిచ్చి పట్టుకెళ్లింది. వీధి చివరి గదిలో ఒంటరిగా ఉండే ముసలామె చిల్లర పోగేసి డెబ్భై ఐదు తెచ్చి, "హాఫ్ టికెట్టు ఉందా అమ్మా?" అని అడిగింది. కండక్టరమ్మ ఒక టికెట్టును సరిగ్గా మధ్యకు చింపి ఆమె చేతిలో పెట్టింది. రెండో సగాన్ని మర్నాడు పెరటి వాటా విద్యార్థి కొన్నాడు.

టికెట్టు చేతికొచ్చాక మనుషుల తీరే మారిపోయింది. అంతకుముందు చెత్త ఎక్కడ పడితే అక్కడ పారేసేవాళ్లు, "ఇది నా నూట నాలుగో నంబరు, ఇక్కడ పోస్తే ఊరుకోను," అనడం మొదలుపెట్టారు. రెండిళ్ల మధ్య తొంభై మూడో అడుగు ఎవరిదన్న గొడవ కూడా వచ్చింది. కండక్టరమ్మకు ఆ గొడవ విని కడుపు నిండినంత సంతోషమైంది.

మూడు వారాలకు రెండొందల ఇరవై ఐదు అడుగులు అమ్ముడయ్యాయి. అక్కడితో బండి ఆగింది.

మిగిలిన తొంభై ఐదు అడుగులూ ఆ రెండు గోడల మధ్యవి. అక్కడ ఎవరి గుమ్మమూ లేదు. తమ గుమ్మం ముందైతే రెండు కొంటాం, మూడు కొంటాం గానీ, గోడౌను ముందు మాకెందుకన్నారు జనం. నిజానికి వీధిలో పాడయిందంతా ఆ ముక్కే. టైలరమ్మ పడిందీ అక్కడే.

ఆ వారమే గోడౌను యజమాని కబురు పెట్టాడు. కండక్టరమ్మ వెళ్లింది. ఫర్నిచరు మధ్య, ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యని కుర్చీలో ఆయన కూచున్నాడు. ఆమెకూ అలాంటిదే ఒకటి చూపించాడు. కూచుంటే కవరు కిర్రుమంది.

"మీ పని గురించి విన్నాను. మంచి పని," అన్నాడాయన. "ఇంత చిన్న మొత్తానికి ఇల్లిల్లూ తిరగడమెందుకండీ? నలభై ఎనిమిది వేలూ నేనిస్తాను. ఇప్పటిదాకా తీసుకున్నది ఎవరిది వాళ్లకిచ్చెయ్యండి."

కండక్టరమ్మ కుర్చీ అంచుకు జరిగింది. "చాలా సంతోషం సార్. మరి మీకేం కావాలి?"

"పెద్దగా ఏం లేదు. రెండు గోడల మీదా మా షోరూము పేరు. వీధి మొదట్లో ఒక బోర్డు. రాతిపలకల మీద చిన్నగా మా గుర్తు. ఖర్చు మొత్తం నాదే కాబట్టి వీధివాళ్ల పేర్లవీ వద్దు, చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది."

ఆమె సంచీలో చెయ్యి పెట్టి టికెట్ల కట్టను తడిమింది. రెండొందల ఇరవై ఐదు పోగా మిగిలిన కట్ట. పలచగా ఉంది.

"సార్, అమ్మకానికి ఇంకా తొంభై ఐదున్నాయి. అన్నీ మీ గోడ ముందువే. కావాలంటే అవన్నీ మీరే తీసుకోండి, సంతోషంగా ఇస్తాను. కానీ ఎక్కినవాళ్లను దింపలేను."

"అంటే?"

"ముప్పై ఒక్క ఏళ్లలో టికెట్టిచ్చినవాణ్ని మధ్యదారిలో దింపలేదండీ. ఇంకెవరో బస్సంతా మాట్లాడుకున్నారని చెప్పి అసలే దింపలేదు. సగం టికెట్టు కొన్న ముసలామె ఉంది. ఆవిడకు డెబ్భై ఐదు తిరిగిచ్చి ఏం చెప్పమంటారు?"

ఆయన మొహం ముడుచుకుంది. "ఆలోచించుకోండి. అంతా లేదంటే అసలు లేదు."

"అలాగేనండీ," అని లేచింది. కవరు మళ్లీ కిర్రుమంది.

ఈ సంగతి కొట్టు చేరడానికి పావుగంట కూడా పట్టలేదు. సాయంత్రానికి వీధి రెండుగా చీలింది. ఇంటికొచ్చిన లక్ష్మిని గుమ్మంలోంచే వెళ్లగొట్టిందని కొందరు. వీధికి పెత్తనం ఈమెకెవరిచ్చారని కొందరు. ఇంటికొస్తే అక్కడా అదే.

"నా చెయ్యి విరిగిందని కదా ఇదంతా మొదలుపెట్టావు?" అంది టైలరమ్మ. "రాయి మారితే చాలు నాకు. దాని మీద ఎవడి పేరుంటే నాకేం? గడువు పదిరోజులు కూడా లేదు. ఇప్పుడు తొంభై ఐదు అడుగులు ఎవరికి అమ్ముతావు, గాలికా?"

"నువ్వు కుట్టిన జాకెట్టు మీద ఇంకో కొట్టువాడు తన పేరు కుట్టుకుంటే ఊరుకుంటావా?"

టైలరమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకుంది. "అది వేరు," అంది. మరీ అంత వేరేం కాదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆరుగంటలకు కండక్టరమ్మ ఆ గోడల మధ్యకు వెళ్లి నిలబడింది. ఊరికే, చూద్దామని. డిపోలో డ్యూటీ ఎక్కే డ్రైవర్లు, రాత్రి డ్యూటీ దిగిన నర్సులు, ఆసుపత్రికి క్యారేజీలు పట్టుకెళ్లేవాళ్లు, స్కూలు పిల్లలు, గోడౌను హమాలీలు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. అందరూ అక్కడికి రాగానే గోడవైపు ఒరిగి, విరిగిన పలక దగ్గర ఒక అంగ వేసి, అవతల మళ్లీ మామూలుగా నడుస్తున్నారు. ఏ ఒక్కరూ కిందికి చూడ్డం లేదు. కాళ్లకే తెలుసు.

గంటలో మూడొందల మందిని లెక్కపెట్టింది. లెక్క ఆపి తన నుదురు తనే కొట్టుకుంది. వీధి అంటే గుమ్మాలున్నవాళ్లదే అనుకున్నానే! బస్సు షెడ్డున్నవాడిదా, ఎక్కినవాడిదా?

ఇంటికి ఒక్క ఉరుకున వెళ్లి సంచీ తెచ్చుకుంది.

"రండి రండి, గోడౌను వీధి! అడుగు నూటయాభై! సగం డెబ్భై ఐదు! దాటేవాళ్లు దాటండి, కొనేవాళ్లు ఆగండి! లైను కదలాలి, ముందుకు జరగాలి!"

రెండేళ్లుగా రెండు గదుల్లో అణిగి ఉన్న గొంతు ఆ రెండు గోడల మధ్య ఒక్కసారి విప్పుకుంది. జనం ఉలిక్కిపడ్డారు. కొందరు నవ్వారు. ఒక నర్సు ఆగి, "ఏంటమ్మా ఇది?" అంది. చెప్పింది. "మొన్న వర్షంలో ఇక్కడే నా చెప్పు కాలవలో పోయింది," అని నర్సు ఒక అడుగు కొంది. ఆమె వెనక ఇద్దరు నర్సులు చెరి సగం తీసుకున్నారు. స్కూలు పిల్లలు ఐదుగురు తలా పదిహేను వేసుకుని సగం అడుగు కొని, ఆ సగం కాగితాన్ని ఎవరు దాచుకోవాలా అని పేచీ పడుతూ వెళ్లారు. ఒక డ్రైవరు, "మాకు స్టాఫ్ పాసుంటుంది కదక్కా," అని మేలమాడాడు. "ఈ సర్వీసులో పాసులు చెల్లవు తమ్ముడూ, చిల్లర తియ్యి," అంది.

హమాలీల గుంపులో పెద్దవాడు దూరంగా నిలబడి అంతా విన్నాడు. తనవాళ్లతో ఏదో మాట్లాడి వచ్చాడు. "ఎనిమిది మందిమి ఉన్నామమ్మా. నాలుగడుగులు ఇవ్వండి. రోజూ వీపు మీద మంచాలు మోసుకుని ఈ గుంతలు దాటేది మేమే."

ఆ పొద్దున ముప్పై ఒకటి అమ్మింది. రెండో రోజు ఆమెతో పదకొండేళ్లు ఒకే బస్సులో పనిచేసిన డ్రైవరు, డిపో అంతా తిరిగి కొనేవాళ్ల పట్టిక రాసుకొచ్చాడు. దాంతో కలిపి ఆ ఒక్క రోజే ముప్పై ఎనిమిది. మూడో రోజు పొద్దున టైలరమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది. అంతకుముందురోజే కట్టు విప్పారు. ఆ చెయ్యి ఇంకా సన్నగా, తెల్లగా ఉంది. వదిన అడిగినవాళ్లందరికీ ఆ చెయ్యి చూపించడమే ఆవిడ పని. "ఇదిగో, ఈ రాయే," అని వేలుపెట్టి చూపించేది. పది గంటలకు చివరి టికెట్టు ఒక క్యారేజీలాయన తీసుకున్నాడు.

సంచీలో కట్ట అయిపోయింది. కండక్టరమ్మ వేలితో సంచీ అడుగంతా తడిమి చూసింది. "ఫుల్లు," అంది. అని, కళ్లు తుడుచుకుంది. దుమ్ము పడిందంది.

ఆదివారం పొద్దున్నే వీధికి రెండు కొసలా తాళ్లు కట్టారు. ఇంజనీరు మాట నిలబెట్టుకుని ట్రాక్టరు పంపాడు. కానీ ట్రాక్టరు వీధి మలుపు దగ్గర తిరగలేదు. డ్రైవరు నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ ఆడించి, రాతిపలకలన్నీ డిపో వైపు మొదట్లోనే దింపి పోయాడు. అరవై పలకలు. ఒక్కొక్కటీ ఇద్దరు ఎత్తాల్సింది. పని చెయ్యాల్సిన చోటు నూటయాభై అడుగుల దూరం.

వీధిలో మగవాళ్లు ఉత్సాహంగా మొదలుపెట్టారు. నాలుగో పలకకు ప్రెస్సాయన నడుం పట్టుకుని కూలబడ్డాడు. ఆరో పలకకు విద్యార్థి కాలి మీద పడవేసుకోబోయాడు. మేస్త్రి పార పక్కన పెట్టి, "ఇలాగైతే వచ్చే ఆదివారానిక్కూడా అవదు," అన్నాడు. కండక్టరమ్మ పైకి "అవుతుంది, అవుతుంది" అంది గానీ, లోపల లెక్క వేసుకుంటే ఆమెకూ అవుతుందనిపించలేదు.

తొమ్మిదింటికి హమాలీలు వచ్చారు. ఎనిమిది మందీ. వాళ్లకు వారానికి దొరికే సెలవు అదొక్కటే. పెద్దవాడు పలకల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, ప్రెస్సాయన ఎత్తుతున్న తీరు చూసి తల పట్టుకున్నాడు. "అయ్యా, దించండి. రాయిని చేతులతో ఎత్తకూడదు, తొడలతో ఎత్తాలి. మీరు సున్నం వెయ్యండి, ఇది మాకొదిలెయ్యండి." తాడు, రెండు వెదురు బొంగులు, భుజాన గోనెగుడ్డ. అంతే, పలకలు వాటంతటవే నడిచి వెళ్తున్నట్టు కదిలాయి. మేస్త్రి మళ్లీ పార అందుకున్నాడు. ఆడవాళ్లు గోడవారన తవ్వి మొక్కలు నాటారు. పిల్లలు ఐసు ఫ్యాక్టరీ గోడకు సున్నం వేస్తామని ఒకరికొకరు వేసుకున్నారు. గోడౌను గోడను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అనుమతి లేదు.

పదకొండింటికి గోడౌను యజమాని కారు తాడు దగ్గర ఆగింది. ఆయన దిగి నడుచుకుంటూ వచ్చి, తన హమాలీలే పలక మోస్తుంటే చూసి నిలబడిపోయాడు.

"ఏంట్రా ఇది? ఇవాళ సెలవు కదా. ఎంతిస్తున్నారు మీకు?"

పెద్దవాడు భుజం మీది బొంగు దించకుండానే జవాబిచ్చాడు. "మాకెవరిస్తారండీ? మేమే ఇచ్చాం. నాలుగడుగులు మావి." గడ్డంతో కింద చూపించాడు. "మీరు నిలబడింది మా మూడో అడుగులో. కొంచెం జరుగుతారా, పలక దించాలి."

యజమాని గబుక్కున జరిగాడు. జరిగినచోట టైలరమ్మ మొక్కకు నీళ్లు పోస్తోంది. అక్కణ్నుంచి కూడా జరగాల్సొచ్చింది. అలా జరిగి జరిగి తన గోడకే ఆనుకుని నిలబడ్డాడు. కండక్టరమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మంచినీళ్ల చెంబు తీసుకెళ్లి ఇచ్చింది. ఎండలో నిలబడ్డ మనిషి, ఎవరైతేనేం.

ఆయన నీళ్లు తాగాడు. "ఏమైనా మిగిలాయా?" అన్నాడు నెమ్మదిగా, ఎటో చూస్తూ.

"ఏంటండీ?"

"అడుగులు."

"అన్నీ అయిపోయాయి సార్. మొన్ననే ఫుల్లు."

ఆయన తల ఊపాడు. గోడౌను తాళం తీయించి రెండు నిచ్చెనలు, ఒక తోపుడు బండీ బయటపెట్టించాడు. "వాడుకుని లోపల పెట్టండి," అని కారువైపు నడిచాడు. తాడు దగ్గర వెనక్కి తిరిగి, "గోడ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

"చూద్దామన్నాడు," అని కొట్టు బాబాయి పెదవి విరిచాడు. "అంటే లేదనే."

"చూద్దామన్నవాడు జేబులో చెయ్యి పెట్టినట్టే బాబాయ్. నాకు తెలుసు," అంది కండక్టరమ్మ.

సాయంత్రం నాలుగున్నరకు చివరి పలక పడింది. మేస్త్రి దాని మీద ఎక్కి, అటూ ఇటూ ఊగి, గెంతి చూశాడు. కదల్లేదు. ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు, ఓపిక లేదు. తాళ్లు విప్పగానే ఆసుపత్రి వైపు నుంచి క్యారేజీలాయన సైకిలు మీద వచ్చాడు. పాత అలవాటుకొద్దీ గోడవైపు ఒరిగాడు. ఒరిగాక, అక్కర్లేదని తెలిసి, నవ్వుకుంటూ తిన్నగా వెళ్లిపోయాడు.

మూడు పలకలు మిగిలాయి. వాటితో మేస్త్రి ఎవరూ చెప్పకుండానే ఐసు ఫ్యాక్టరీ గోడవారన ఒక బెంచీ కట్టేశాడు. సిమెంటు ఆరాక, రెండు రోజుల తర్వాత, వదినా ఆడపడుచులు వెళ్లి దాని మీద కూచున్నారు. ఎదురుగా గోడౌను గోడ. పెచ్చులూడి, నల్లగా, పాత పోస్టర్ల మరకలతో.

"బెంచీ ఇటు తిప్పి కట్టాలని ఎవరికి తోచింది వదినా?" అంది టైలరమ్మ. "పోయి పోయి ఆ గోడ చూస్తూ కూచోవాలా?"

"మేస్త్రినడుగు."

"అడిగాను. వచ్చే ఏడు గోడ తెల్లబడితే అప్పుడు బాగుంటుందట."

కండక్టరమ్మ ఆ గోడను ఒక కొస నుంచి ఇంకో కొసదాకా కళ్లతోనే కొలిచింది. పెదవులు కదులుతున్నాయి. టైలరమ్మ అది చూసి బెంచీ మీంచి లేచింది.

"వద్దు వదినా. ఇంట్లో కుట్టాల్సిన బట్టలు గుట్టలా ఉన్నాయి. నన్ను పిలవకు."

"నిన్నెవరు పిలిచారు? కూచో," అంది కండక్టరమ్మ. "గజం లెక్కనా, అడుగు లెక్కనా, అదొక్కటి తేల్చనీ."